పటం లేని చావులకు పటం కట్టినోళ్లు

మన దిక్కు ఇంట్లో మనిషి పోతే దినాలు అయ్యేలోపు ఓ మంచి ఫొటో దొరకబట్టాలె. దాన్ని పెద్దగ చేయించాలె, ఫ్రేమ్ కట్టించాలె, దండ వేయాలె. మా తాత తమ్ముడు పోయినప్పుడు ఇల్లంతా ఎతికినా ఒక్క ఫొటో దొరకలే. ఆఖరికి ఎవరిదో లగ్గంల తీసిన గ్రూప్ ఫొటోలోంచి ఆయన మొఖాన్ని కత్తిరించి పెద్దగ చేయిస్తే, పక్కన కూసున్నాయన భుజం కూడ అండ్ల వచ్చింది. ఇయ్యాలటికీ గోడ మీద ఆ పటంలో వేరేటోళ్ల భుజం అట్లనే ఉంది. ఉంటే ఉండనీ, పటమైతే ఉంది కదా అనుకుంటం.

ఒక దేశంలో 3 ఏండ్ల 8 నెలల 20 దినాల్లో దాదాపు 17 లక్షల మంది పోయిన్రు. వాళ్లల్ల ఎక్కువ మందికి పటం లేదు, పీనుగ లేదు, దినాలు లేవు. ఏడ్వనీకి కూడ ఇడువలేదు. ఆ దేశం కాంబోడియా. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సైన్యం రాజధాని నామ్‌పెన్‌లోకి వచ్చినప్పటి నుంచి, 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వచ్చి వాళ్లను ఎల్లగొట్టేదాకా జరిగింది ఇది. అప్పటి జనాభా 80 లక్షలకు కొంచెం తక్కువ. అంటే అయిదుగురిలో ఒకరు పోయిన్రన్నట్టు. కొందరిని గుంతల కాడ కొట్టి చంపిన్రు. ఇంకా ఎక్కువ మంది ఆకలితోని, చాకిరితోని, మందులేని రోగాలతోని పోయిన్రు.

ఈ లెక్కలు చదివితే మనకు ఏమనిపిస్తది? నిజం చెప్పాలంటే ఏమీ అనిపించదు. 17 లక్షలు అన్నా 15 లక్షలు అన్నా 20 లక్షలు అన్నా మనసులో ఒకే బరువు. చరిత్రకారులకు ఆ తేడా ముఖ్యమే. కానీ మామూలు మనిషికి అది మనుషుల సంగతి అని తెల్వాలంటే అంకె సరిపోదు. ఆడనే బొమ్మ గీసెటోడు, పాట కట్టెటోడు, సినిమా తీసెటోడు అవసరమైతరు. వాళ్లు ఈ పని ఎట్ల చేసిన్రు, ఏం చెయ్యలేకపోయిన్రు అన్నది కాంబోడియాను పట్టుకొని చూద్దాం.

చంపెటోడు తీసిన ఫొటో

నామ్‌పెన్‌లో తువోల్ స్లెంగ్ అనే జాగ ఉంది. అంతకు ముందు అది హైస్కూల్. ఖ్మేర్ రూజ్ దాన్ని ఎస్-21 అనే జైలు చేసిన్రు. క్లాసురూములను ఇటుకలతోని చిన్న చిన్న అర్రలుగ కట్టిన్రు. దాని పెద్ద డుచ్ అనేటాయన, ముందుగాల లెక్కల సారు. పంతులు కదా, కాగితాలన్నీ మంచిగ రాసి పెట్టుకున్నడు. 12 వేల మందికి పైగా ఆ జైలుకొచ్చి చచ్చిపోయినట్టు తర్వాత కోర్టు తీర్పులో తేలింది. బతికి బయటపడ్డోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ జైలుకు వచ్చిన ప్రతి మనిషికి ఫొటో తీసేటోళ్లు. కండ్ల గంతలు ఇప్పంగనే ఎదురుంగ కెమెరా ఉండేది. మెడల నంబరు. ముసలోళ్లు, ఆడోళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, పదేండ్ల పోరగాండ్లు. ఆ నెగెటివ్‌లు వేల సంఖ్యలో దొరికినయి. ఇయ్యాల ఆ జైలు మ్యూజియం అయింది, ఆ మొఖాలు గోడల నిండా ఉన్నయి.

ఇక్కడొక చిక్కుంది. ఇవి పటాలే, కానీ ఎవరు కట్టిన పటాలు? చంపెటోడు ఫైలు కోసం తీసుకున్నయి. మనం ఆ ఫొటోను చూస్తున్నమంటే సరిగ్గ ఆ కెమెరా ఎనుక నిలబడి, చంపెటోని కండ్లతోనే చూస్తున్నం. 1997లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఇండ్లకెళ్లి 22 ఫొటోలు గోడకు ఏలాడదీసినప్పుడు పెద్ద లొల్లి అయింది. ఇది కళనా? ఎవరి కళ? ఫొటోలో ఉన్నోళ్లను ఎవరన్న అడిగిన్రా? చూపెట్టకపోతే మర్చిపోతరు, చూపెడితే మళ్లొకసారి అవమానం. దీనికి తేలికైన జవాబు లేదు.

కానీ కొన్నింటికి జవాబు ఉంది. 2021లో ఒక విదేశీ కళాకారుడు ఈ ఫొటోలకు రంగులు వేసిండు. రంగులతోని ఆగలేదు, కొన్ని మొఖాలకు నవ్వు అతికించిండు. ఒక పేరున్న వెబ్‌సైట్ వాటిని ఏసుకున్నది. చచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు చూసి గుర్తుపట్టిన్రు, 'మా వాడు ఆ ఫొటోలో నవ్వలేదు' అన్నరు. కాంబోడియా సర్కారు కూడ గట్టిగ అడిగింది. ఆఖరికి ఆ వెబ్‌సైట్ వాటిని తీసేసింది. మా తాత తమ్ముని పటంలో పరాయి భుజం పడ్డదన్న గదా, అది తప్పిపోయి పడ్డది. ఇది అట్ల కాదు. చావుకు ముందటి మొఖం మీద లేని నవ్వు పెట్టుడంటే, ఆ మనిషి భయపడ్డడన్న ఒక్క సాక్ష్యాన్ని కూడ గుంజుకున్నట్టు. ఇయ్యాల సెల్‌ఫోన్‌లో ఎవరి మొఖాన్నన్న నిమిషంల కదిలిస్తున్నం, నవ్విస్తున్నం, మాట్లాడిస్తున్నం. కాబట్టి ఈ సంగతి పాతబడ్డదేం కాదు.

బతకనిచ్చిన బొమ్మలు

వాన్ నాత్ అనేటాయన బట్టంబాంగ్ దిక్కు పెయింటర్. సినిమా హాళ్లకు బోర్డులు, పోస్టర్లు రాసి బతికేటోడు. మన దగ్గర కూడ ఫ్లెక్సీలు రాకముందు టాకీసుల కాడ నిచ్చెన ఏసుకొని హీరోల మొఖాలు గీసేటోళ్లు ఉండె. అసోంటి మనిషి. ఎందుకు పట్టుకపోయిన్రో ఆయనకే తెల్వదు. 1978 జనవరిలో ఎస్-21కు తెచ్చి ఒక పెద్ద హాల్‌లో ఇనుప కడ్డీకి కాళ్లు బిగించి వరుసగ పండబెట్టిన్రు. తిండి అంటే కొన్ని గరిటెల గంజి. లైటుకు వచ్చి పైనుంచి రాలే పురుగులను ఏరుకొని తిన్నమని, కావలోడు చూస్తే కొట్టేటోడని, పక్కన పీనుగ ఉంటే దాని పక్కనే కూసొని తిన్నమని ఆయన 2009లో కోర్టులో చెప్పిండు. అప్పటికి ముప్పై ఏండ్లు దాటినా చెప్పేటప్పుడు ఏడ్చిండు.

నెల దినాలకు జైలు పెద్దలకు ఆయన బొమ్మలు గీస్తడని తెలిసింది. పోల్‌పాట్ ఫొటో ఇచ్చి గీయమన్నరు. గీసిండు. మంచిగ రాకపోతే అదే ఆఖరి బొమ్మ అని ఆయనకు ఎరుకే. చంపాల్సినోళ్ల జాబితాలో ఈయన పేరు పక్కన పనికొస్తడు, ఉంచాలె అన్న అర్థం వచ్చేటట్టు డుచ్ రాసిన ముక్క తర్వాత దొరికింది. ఆ జాబితాలో మిగిలినోళ్లు చచ్చిపోయిన్రు. తనను చంపుతున్నోని మొఖాన్నే గులాబీ రంగు బుగ్గలతోని అందంగ దిద్దుకుంట బతికిన్నన్న సంగతి ఆయనను ఆఖరుదాకా ఇడువలేదు. ఆయన ఇద్దరు పిల్లలు ఆ కాలంలోనే పోయిన్రు.

1979లో జైలు పడిపోయింది. ఆ తర్వాత వాన్ నాత్ మళ్ల అదే బడి బిల్డింగుకు వచ్చి కుంచె పట్టిండు. ఈసారి తను చూసింది గీసిండు, పక్క మనిషి చెప్పింది గీసిండు. వరుసగ పండబెట్టిన మనుషులు, నీళ్ల తొట్టి, కొరడా, తల్లి చేతుల్లోంచి గుంజుకుంటున్న బిడ్డ. ఈ బొమ్మలు చూసిన కొందరు కళ తెలిసినోళ్లు పెదవి విరిచిన్రు. సినిమా పోస్టర్ లెక్క ఉన్నయి, రంగులు మోటుగ ఉన్నయి, మనుషులు బిగుసుకొని ఉన్నరు అని. ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మోటుతనమే సరైనదనిపిస్తది. అండ్ల షోకు లేదు, మనల్ని ఏడిపియ్యాలన్న ఎత్తుగడ లేదు. పంచనామా రాసినట్టు గీసిండు. ఆ హాలుకు, ఆ కొరడాకు చంపెటోడు ఫొటో తీసుకోలేదు. ఎవడన్న గీయకపోతే ఆ జాగ ఖాళీగనే ఉండేది.

ఇంకో ముచ్చట కూడ యాది పెట్టుకోవాలె. 1979 తర్వాత కూడ ఐక్యరాజ్యసమితిలో కాంబోడియా కుర్చీ ఏండ్ల తరబడి ఖ్మేర్ రూజ్ వాళ్ల చేతులనే ఉంది. అమెరికా, చైనా పంతం అసోంటిది. మన దేశం 1980 జూలైలో నామ్‌పెన్‌లోని కొత్త సర్కారును గుర్తించింది, కానీ అట్ల చేసినోళ్లు తక్కువ మంది. చంపినోడే దేశం తరఫున కూసుంటే ఇగ చచ్చినోని మాట ఎవడు ఇంటడు? అసోంటప్పుడు ఆ మోటు బొమ్మలు గోడకు ఉండుడే పెద్ద సాక్ష్యం.

గడప దాటని కెమెరా

రితీ పాన్ 1964లో నామ్‌పెన్‌లో పుట్టిండు. నాయిన విద్యాశాఖలో పెద్ద ఉద్యోగి. 1975లో ఊరంతా ఖాళీ చేయించినప్పుడు ఈ కుటుంబం కూడ పొలాలకు పోయింది. నాయిన కొన్నాళ్లకు తిండి మానేసిండు. పశువులకు పెట్టేది నేను తినను, నేను మనిషిని అన్నది ఆయన పట్టు. అట్లనే పోయిండు. అమ్మ, తోడబుట్టినోళ్లు ఒకరెనుక ఒకరు పోయిన్రు. పిల్లగాడు 1979లో థాయ్‌లాండ్ దాటి, ఆడికెళ్లి ఫ్రాన్స్ పోయి సినిమా సదువుకున్నడు.

ఆయన 2003లో తీసిన ఎస్-21 డాక్యుమెంటరీలో ఒక సీన్ ఉంది. నేను చూసి చానా దినాలైనా కండ్ల ముందటికెళ్లి పోతలేదు. ఒకప్పుడు ఆ జైలులో కావలి కాసిన మనిషి, అప్పట్ల నూనూగు మీసాల పిల్లగాడు, ఇప్పుడు నడీడు. అదే హాలు, ఇప్పుడు ఖాళీ. నువ్వు రాత్రి ఏం చేసేటోనివో చూపెట్టు అంటే చూపెడుతడు. తాళం తీస్తడు, కడ్డీ ఊపి చూస్తడు, లేని ఖైదీని గద్దిస్తడు, లేని డబ్బా తెచ్చి లేని మనిషి ముందు పెడతడు. మాటల్లో చెప్పమన్నప్పుడు తడబడ్డ మనిషికి ఒళ్లు మాత్రం ఏదీ మర్చిపోలేదు. చేతులు వాటంతట అయ్యే పోతయి. గొంతు కూడ అప్పటి గొంతు అయితది.

అప్పుడు కెమెరా ఏం చేసింది? గడప కాడనే ఆగింది. లోపలికి పోతే ఆడ పండుకున్న ఖైదీలను తొక్కినట్టు అయితదని రితీ పాన్ లెక్క. హాలు ఖాళీనే, ఎవరూ లేరు. కానీ ఉన్నట్టే లెక్క పెట్టి బయటనే నిలబడ్డడు. ఒక్క చుక్క రక్తం చూపెట్టలేదు, గ్రాఫిక్స్ లేవు, మ్యూజిక్ లేదు. ఆ గడప కాడ ఆగుడులోనే ఆ నేల మీద మనుషులు ఉన్నరని మనకు ఎరుకైతది.

అదే సినిమాలో వాన్ నాత్ ఆ కావలోళ్లకు ఎదురుంగ కూసొని తన బొమ్మలు చూపెట్టుకుంట అడుగుతడు. మేం కూడ బాధితులమే, మాట ఇనకపోతే మమ్మల్ని చంపుదురు అని వాళ్లు అంటరు. అందులో అబద్ధం కూడ లేదు, ఎస్-21లో కావలోళ్లు కూడ ఖైదీలై చచ్చిన్రు. మరి మీరు బాధితులైతే ఈడ చచ్చినోళ్లను ఏమనాలె అన్నది వాన్ నాత్ ప్రశ్న. గొంతు లేపడు. తిట్టడు. జవాబు కూడ రాదు.

మట్టి బొమ్మల నాయిన

అయితే రితీ పాన్ సొంత ఇంటి సంగతి ఎట్ల తీయాలె? నాయిన తిండి మానేసిన దినానికి ఫొటో లేదు. అమ్మ పోయిన రాత్రికి ఫొటో లేదు. ఆ కాలం నుంచి మిగిలిన కదిలే బొమ్మలు ఖ్మేర్ రూజ్ తీసుకున్న ప్రచార రీళ్లే. అండ్ల జనం తట్టలు మోసుకుంట ఉరుకుతుంటరు, కాల్వలు తవ్వుతుంటరు, అంతా పండుగ లెక్క. నటులను పెట్టి ఆడించుడు ఆయనకు ఇష్టం కాలేదు. 2013లో తీసిన 'ద మిస్సింగ్ పిక్చర్'లో మట్టి తెచ్చిండు. సరిత్ మాంగ్ అనే కళాకారుడు చిన్న చిన్న మట్టి బొమ్మలు చేసి, రంగులు వేసిచ్చిండు. పిల్లగాని బొమ్మ, అమ్మ బొమ్మ, తెల్ల సూటు తొడుక్కున్న నాయిన బొమ్మ. నామ్‌పెన్ ఇల్లు రంగు రంగుల బట్టల బొమ్మలతోని కళకళలాడుతది. పొలాలకు పోయినంక అందరి బట్టలు నల్లగ అయితయి. బొక్కలు తేలుతయి.

బొమ్మలు కదలవు. యానిమేషన్ కాదు అది. కెమెరానే వాటి సుట్టూ తిరుగుతది, ఎనుకంగ ఒక గొంతు చెప్పుకుంట పోతది. మట్టి బొమ్మ అంటే మనకు తెల్వని వస్తువా? వినాయకుని చేస్తం, పూజ చేస్తం, నీళ్లల్ల కలుపుతం. మట్టిలోంచి వచ్చింది మట్టిలోకే పోతది. ఆ సినిమాలో కూడ ఆకలితోని సచ్చినోళ్లను ఏ పొలంలో పాతిపెట్టిన్రో ఆ అసోంటి మట్టితోనే వాళ్లు తిరిగొచ్చినట్టు ఉంటది. నాయిన కదలడు, కానీ తెల్ల సూటు మీద ఒక్క మరక లేకుంట నిలబడి ఉంటడు. చచ్చేముందు ఆయన పడ్డ పట్టు ఏంది? నేను మనిషిని అని. కొడుకు ఆ మాటకే రూపం ఇచ్చిండు. కాన్స్‌లో ఆ సినిమాకు బహుమతి వచ్చింది, కాంబోడియా నుంచి మొదటిసారి ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది.

ఇక్కడ హాలీవుడ్ దారి కూడ ఉందని చెప్పకపోతే అన్యాయమైతది. 1984లో వచ్చిన 'ద కిల్లింగ్ ఫీల్డ్స్' వల్లనే ప్రపంచంలో సగం మందికి కాంబోడియా పేరు తెలిసింది. అది అమెరికా విలేకరి కండ్లతోని చెప్పిన కథ, నాకు అక్కడే కొంచెం పేచీ. కానీ అండ్ల డిత్ ప్రాన్ పాత్ర వేసిన హైంగ్ ఎస్. ఙోర్ నటుడు కాదు, డాక్టరు. కాన్పుల డాక్టరు. సదువుకున్నోడని తెలిస్తే చంపుతరని దాచుకొని బతికిండు. ఆయన భార్యకు కాన్పు కష్టమైంది. డాక్టరు పని చేస్తే దొరికిపోతరు, పరికరం ఒక్కటి లేదు. కండ్ల ముందట భార్య, కడుపులో బిడ్డ ఇద్దరు పోయిన్రు. ఆస్కార్ అందుకున్న ఆ నటనలో నటన ఎంతో, యాది ఎంతో ఎవరు చెప్పగలరు? ఆయన 1996లో లాస్ ఏంజిలెస్‌లో ఇంటి ముందే దుండగుల చేతిలో చచ్చిపోయిండు.

గొంతు మిగిలింది

కవిత్వం సంగతి ఇంకో తీరు. బొమ్మకు రంగు కావాలె, సినిమాకు పైసలు కావాలె. కవికి కాగితం కూడ అక్కరలేదు, కానీ కాంబోడియాలో సదువొచ్చినట్టు కనపడుడే నేరం. ఉ సామ్ ఉర్ అనే కవి అమెరికాలో సదువుకొని వచ్చినాయన. రాసుకున్నయన్నీ నాశనం చేసి, అక్షరం ముక్క రానోని లెక్క నటిస్త క్యాంపులల్ల బతికిండు. ఆయన భార్యకు కవల ఆడపిల్లలు పుట్టిన్రు. మంత్రసానులుగ వచ్చిన ఖ్మేర్ రూజ్ ఆడోళ్లు పుట్టంగనే గొంతు నులిమిన్రు. నాయిన నోరు తెరవలేదు. తెరిస్తే మిగిలిన ఇంటోళ్లు కూడ పోతరు.

తర్వాత ఆయన ఆ బిడ్డల మీద రాసిండు, చదువుడు కాదు, ఖ్మేర్ సంప్రదాయ రాగంలో పాడేటోడు. ఆ దేశంలో చావు కాడ సన్నగ గొంతు సాగదీసి పాడే స్మోత్ అనే బౌద్ధ గాన పద్ధతి ఉంది. మన ఊర్లల్ల ఆడోళ్లు చచ్చినోళ్ల గుణాలన్నీ వరుస పెట్టి శోకం తీస్తరు చూడున్రి, ఆ పని చేసే పాట. ఖ్మేర్ రూజ్ కాలంలో బౌద్ధ గుడులు మూతపడ్డయి, సాధువుల కాషాయం ఇప్పించిన్రు, చచ్చినోని కోసం ఏడ్చినా అనుమానమే. శోకం తీసే హక్కు పోయిన దేశంలో ఓ నాయిన ఇరవై ఏండ్ల తర్వాత పరాయి దేశంల మైకు ముందు నిలబడి తీసిన శోకం అది. పుస్తకంలో చదివితే సగమే దొరుకుతది.

కోర్టు కూడ వచ్చింది, కాకపోతే ఆలస్యంగ. డుచ్‌కు యావజ్జీవం పడ్డది, 2020లో జైలు ఖైదీగనే పోయిండు. 2018లో నువొన్ చియా, ఖియు సంఫాన్ అనే పెద్ద నాయకుల మీద జాతిహననం నేరం రుజువైంది. కానీ ఆ పదం కాయిదాల ప్రకారం వియత్నాం మూలాలోళ్లను, చామ్ ముస్లింలను చంపిన నేరానికే పడ్డది. ఖ్మేరోళ్లు ఖ్మేరోళ్లను చంపింది 'మానవత్వంపై నేరం' కింద పోయింది. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం జాతి, మతం చూస్తది గానీ వర్గం చూసి, సదువు చూసి చంపితే ఆ పేరు ఇయ్యదు. చట్టానికి ఆ గీత కావొచ్చు. తెల్ల సూటు నాయిన బొమ్మకు, ఆ కవలలకు ఏ సెక్షన్ వర్తిస్తదో చూసి ఎవరూ కంటతడి పెట్టరు.

ఎస్-21 ఫైళ్లల్ల బోఫానా అనే ఇరవై అయిదేండ్ల పిల్ల ఫొటో ఉంది. పొట్టిగ కత్తిరించిన జుట్టు, సూటిగ చూసే కండ్లు. ఆమె చేసిన తప్పు దూరంగ ఉన్న మొగనికి ప్రేమ లేఖలు రాసుడు. ఆ దేశపు రామాయణాన్ని రియామ్‌కేర్ అంటరు. రాక్షసుల చెరలో ఉన్న సీత కథ అక్కడి పిల్లలకు కూడ అమ్మమ్మలే చెప్తరు. బోఫానా తన లేఖల కింద సీత అని సంతకం పెట్టేది. లేఖలు దొరికినయి, మొగన్ని కూడ పట్టుకొచ్చిన్రు, నెలల తరబడి తప్పుడు వాంగ్మూలాలు రాయించిన్రు, 1977లో ఇద్దరినీ చంపిన్రు. రితీ పాన్ 1996లో ఆమె మీద సినిమా తీసిండు. ఆ తర్వాత 2006లో నామ్‌పెన్‌లో పాత రీళ్లు, పాటలు, ఫొటోలు ఏరి దాచిపెట్టే కేంద్రం ఒకటి షురూ చేసిండు. సినిమా తీసుడు పిల్లలకు నేర్పుతరు, పాత బొమ్మలు ఎవరన్న పోయి పైసలు లేకుంట చూడొచ్చు. దానికి బోఫానా పేరు పెట్టిన్రు. మెడల నంబరుతోని చంపెటోడు తీసిన ఫొటోనే ఇప్పుడు ఆమె పటం.